ముదిమియందు పుస్తకము
ధ్యాన భాగము: 2 తిమోతి 4:9-13



అపొస్తలుడైన పౌలు వృద్ధుడై, బంధకములలో ఉన్నాడు. తన పరుగు ముగింపునకు వచ్చెనని ఎరుగును. శీతకాలము సమీపించుచున్నది. అట్టి వేళ ఆయన తెప్పించుకొనగోరిన వస్తువులు త్రోయలో విడిచిన అంగీయు, తన పుస్తకములును. అంగీ ఒంటికి, పుస్తకములు ఆత్మకు. రేపో మాపో పోవువానికి చదువెందుకని ఆయన తలంచలేదు. దానియేలు సహితము ముదిమియందే యిర్మీయా గ్రంథమును పరిశీలించి, చెర యెన్ని యేండ్లో గ్రహించెను (దానియేలు 9:2).

మన సంఘములలోనైతే, "కాటికి కాళ్లు సాపినదాన్ని, నాకెందుకయ్యగారూ సదువు?" అని అవ్వలు నవ్వుదురు. మేమును నవ్వి ఊరకుంటిమి. ఇది మా తప్పు. సంఘపు రిజిస్టరులో వ్రేలిముద్రకొరకు సిరాపెట్టెను ముందుకు జరిపితిమి గాని, ఎన్నడును పలకను చేతికియ్యలేదు.

దాని వెల తరువాత తెలిసినది. మేడ్చల్, శామీర్‌పేట నేడు వెనుకటివి కావు. 158 కిలోమీటర్ల అవుటర్ రింగు రోడ్డు ఈ ప్రక్కనుండియే పోవుచున్నది. జొన్నచేలున్నచోట ప్లాటు రాళ్లు నిలిచినవి. మా సంఘపు పెద్దాయన ఒకరు, కౌలు కాగితమని నమ్మి వ్రేలిముద్ర వేసెను. అది అమ్మకపు కాగితము. ఎకరము పోయినది. "నాలుగక్షరాలు వస్తే గిట్లయితుండెనా అయ్యగారూ?" అని ఆయన అడుగగా మేము తలవంచుకొంటిమి.

నేర్చినవారి బలమును చూడుడి. నెల్లూరు జిల్లా దూబగుంటలో, 1990 తరువాతి అక్షరాస్యతా ఉద్యమమందు, రాత్రిబడికి పోయిన స్త్రీలు సారాచేత చెడిన కాపురమునుగూర్చి వాచకములో చదివి, తమ ఊరి సారా దుకాణమును మూయించిరి. ఆ పోరాటము ఊరూర ప్రాకగా, 1993 అక్టోబరు 1న రాష్ట్రమందు సారా నిషేధింపబడెను. అది పలక పట్టుటతో మొదలైనది.

మనకు మార్గము లేదనకుడి. 2022 మొదలు 2027 వరకు ఏర్పడిన 'ఉల్లాస్' పథకము 15 ఏండ్లు దాటిన నిరక్షరాస్యులకొరకైనది. నేర్పువారు స్వచ్ఛంద సేవకులు. ఓపెన్ స్కూలులో పదవ తరగతి వ్రాయుటకు వయస్సు మించిపోవుట లేదు. ఆపైన చదువగోరువారికి 1982లో హైదరాబాదులో స్థాపింపబడిన సార్వత్రిక విశ్వవిద్యాలయము ఉన్నది.

అయితే మొదటి బడి మన ఇల్లే. చదువు వచ్చిన పిల్లలారా, కుటుంబ ప్రార్థన ముగియగానే అరగంట అవ్వయొద్ద, తాతయొద్ద కూర్చుండుడి. మొదట వారి పేరు నేర్పుడి, పిమ్మట యేసు పేరు. పెద్దలారా, మనుమనియొద్ద నేర్చుకొనుట సిగ్గు కాదు. చూడకుండ వ్రేలు ఒత్తుటయే భయము.

గడచిన సంస్కారపు ఆదివారమున సిరాపెట్టె ప్రక్కన ఒక పలకను ఉంచితిమి. మొదట దానిని చేతికి తీసికొన్నది ఆ పెద్దాయనే. ఎకరము తిరిగి రాలేదు. అయినను వణకు చేతితో తన పేరులోని మొదటి అక్షరమును దిద్దెను.

తల నెరసినవారిని విడువని దేవుడు వారి చేతులను బలపరచును గాక. ఆమేన్.