సమత్వము నడుగు తీరు

తనకు జరిగిన యన్యాయమును తొలగింపుమని యొకడు మొరపెట్టుకొన్నపుడు, వానికి న్యాయము దొరకెనా లేదా యని మాత్రమే మనము చూతుము. ఏ యాధారముపై నిలిచి యడిగినాడో విచారింపము. అమెరికా సర్వోన్నత న్యాయస్థానము 37 ఏండ్ల యెడముతో తీర్చిన రెండు వ్యాజ్యములను పోల్చిచూచినచో ఈ రెండవ విచారణయే ముఖ్యమని మాకు తోచుచున్నది.

అంతర్యుద్ధానంతరము 1868లో ఆ దేశపు రాజ్యాంగమునకు 14వ సవరణ చేరినది. పౌరులెవరో అందు మొదట నిర్వచించిరి. చట్టముల సమాన రక్షణను రాష్ట్రములు నిరాకరింపరాదను చోట మాత్రము ‘పౌరుడు’ అనక ‘వ్యక్తి’ యనిరి. వ్యాకరణము చెప్పుకొని బ్రదుకు మాబోంట్లకు ఇట్టి పదభేదములు ముందుగా కంటబడును.

శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున సుమారు 320 బట్టలుతుకు దుకాణములుండెను. అందు 310 కొయ్యకట్టడములు, 240 చీనావారివి. కొయ్యకట్టడములో ఆ వృత్తి సాగింపవలెనన్న నగరాధికారుల యనుమతి కావలెనని 1880లో శాసించిరి. యిక్ వో అను నాతడును, మరి యిన్నూరు మంది చీనావారును అర్జీలు పెట్టుకొన్నారు. ఒక్కరికిని అనుమతి రాలేదు. తక్కినవారిలో ఇంచుమించు 80 మందికి, ఒక్కరికి దక్క, అందరికిని వచ్చినది. యిక్ వో 22 ఏండ్లుగా అదే యింట బట్టలుతుకుచుండెను. అగ్నిభయము లేదని తనిఖీదారులు వ్రాసి యిచ్చియుండిరి. అయినను 10 డాలర్ల జరిమానా వేసిరి. కట్టనందున చెరసాలకు పంపిరి. 1886లో న్యాయమూర్తులందరు ఏకకంఠముగా తీర్పు చెప్పిరి: చట్టము అక్షరములలో నిర్దోషమైనను, దానిని నడుపు చేయి పక్షపాతము చూపినచో సమాన రక్షణకు భంగమే. ఆ చీనావాడు పౌరుడు కాడు. కాగోరినను 1882 నాటి శాసనము కానీయదు. ‘నేను మీవాడను’ అని యతడనలేదు. వ్యక్తి యను మాట యొక్కటియే వానికి చాలినది.

భగత్ సింగ్ థింద్ కథ వేరు. ఇతడు పంజాబు సిక్కు. 1918లో అమెరికా సైన్యమున కొలువుచేసెను. విదేశీయులలో ‘తెల్లవారికి’ పౌరత్వమీయవచ్చునని 1790 నాటి శాసనము. 1870లో ఆఫ్రికా సంతతివారిని చేర్చిరి. తెల్లవారనగా కాకేసియను జాతివారని చెప్పి, 1922 నవంబరులో ఒజావా యను జపాను దేశీయుని త్రోసివేసిరి. మూడు నెలలైన గడచెనో లేదో, 1923 ఫిబ్రవరిలో థింద్ రాగా, కాకేసియనైన చాలదు, సామాన్యజనులు తెల్లవాడని తలచవలెననిరి. అవ్యాప్తి, అతివ్యాప్తి దోషములు లేనిదే లక్షణము కాదని మన తార్కికులు చెప్పుదురు. వచ్చినవాని మొగము చూచి పొడుగును పొట్టియు నగు లక్షణమును వారెన్నడును కనియుండరు! రెండు తీర్పులను వ్రాసిన చేయియు ఒక్కటియే.

ఆ న్యాయస్థానపు దోషమట్లుండనిండు. థింద్ పక్షమువారు దాఖలుచేసిన వాదపత్రమేమనెను? ఇతడు అగ్రకులపు హిందువు, ఆర్యుడు; అమెరికను నల్లవారిని చూచినట్లే, వివాహ విషయమున అగ్రకులజుడు ఆదిమజాతులను ఏవగించుకొనును, అని. గోడ అన్యాయమనలేదు, తానట్టి గోడనే స్వదేశమున కట్టినవాడను గనుక లోనికి రానిండనిరి. శాసనము అడిగినది వర్ణమే గనుక వారికి వేరు దారి లేదని కొందరందురు. కొంత నిజమే, సమాన రక్షణ నియమము రాష్ట్రములకే గాని, పౌరత్వమిచ్చు కేంద్రమునకు చెప్పబడినది కాదు. కాని కులగర్వమును సాక్ష్యముగా తెమ్మని ఏ శాసనము కోరినది?

ఆ వాదము వానిని రక్షింపలేదు. పైగా అంతకుముందు పౌరులైన భారతీయులనేకుల పౌరత్వమును రద్దుచేసిరి. అట్లు పౌరత్వమును కోల్పోయిన వైష్ణో దాస్ బగాయ్ 1928లో ఆత్మహత్య చేసికొనెను. థింద్‌కు 1936లో పౌరత్వము లభించినది. కులమువలన కాదు, మాజీ సైనికులకై 1935లో చేసిన శాసనమువలన. తక్కిన భారతీయులకు 1946లో తలుపు తెరచిరి. ఏటికి నూరుమందియే రావచ్చును.

నేడు ఆ దేశమున తెలుగువారే లక్షలుగా నున్నారు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరసభ కులవివక్షను నిషేధించు శాసనము చేసినపుడు, భారతీయులు ఇరుపక్షములందును నిలిచి వాదించిరి.