ఊరి బాకీ

2010 సెప్టెంబర్ 19న డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ మైదానంలో డౌన్ కౌంటీ జట్టు ఒకే ఒక్క పాయింటు తేడాతో ఆల్ ఐర్లండ్ ఫైనల్ ఓడిపోయింది. కార్క్ 16, డౌన్ 15. ఆ డౌన్ జట్టులో మార్టిన్ క్లార్క్ అనే 22 ఏళ్ళ కుర్రాడు ఉన్నాడు. అంతకు ముందు ఏడాది దాకా అతను మెల్‌బోర్న్‌లో కాలింగ్‌వుడ్ క్లబ్బుకి ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ ఆడేవాడు. అది జీతమిచ్చే ఉద్యోగం. దాన్ని వదులుకుని, జీతమన్నదే లేని గేలిక్ ఫుట్‌బాల్ ఆడటానికి సొంతగడ్డకి వచ్చేశాడు. ఫైనల్లో ఓడిన 13 రోజులకి, అక్టోబర్ 2న, అతను వదిలేసి వచ్చిన కాలింగ్‌వుడ్ అక్కడ ఛాంపియన్ అయింది.

నేను మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో ఒక ఐరిష్ కొలీగ్ లంచ్ టైములో ఈ సంగతి చెప్పాడు. చెప్పి, "మరి అతను వెనక్కి రావడం తప్పంటావా?" అని అడిగాడు. నేను "అయ్యో పాపం" అన్నాను. అతను అడిగింది సానుభూతి కాదని ఆ సాయంత్రం ట్రామ్‌లో కూర్చున్నాక గానీ తట్టలేదు. ఆ ప్రశ్న అప్పట్నుంచీ నాతోనే ఉంది.

ఈ రెండు ఆటలూ మనకు పెద్దగా పరిచయం లేనివి కాబట్టి కాస్త చెప్పాలి. గేలిక్ ఫుట్‌బాల్‌లో బంతి గుండ్రం, జట్టుకి 15 మంది. ఆస్ట్రేలియన్ ఆటలో బంతి కోలగా ఉంటుంది, జట్టుకి 18 మంది. రెంటిలోనూ బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నొచ్చు, గాల్లోకి ఎగిరి అందుకోవచ్చు. ఈ పోలిక చూసే 1980ల నుంచీ ఆస్ట్రేలియా క్లబ్బులు ఐర్లండ్ కుర్రాళ్ళని పద్ధెనిమిది, పంతొమ్మిదేళ్ళకే తీసుకెళ్ళడం మొదలుపెట్టాయి.

గేలిక్ ఆటల సంఘం 1884లో థర్లెస్ అనే చిన్న పట్నంలో పుట్టింది. ఇప్పటికీ దాని కింద ఆడేవాళ్ళెవరికీ జీతం లేదు. ఊరి క్లబ్బుకి ఆడాలి, బాగా ఆడితే తన కౌంటీకి ఆడాలి. ఆటగాళ్ళలో టీచర్లుంటారు, రైతులుంటారు, బ్యాంకు ఉద్యోగులుంటారు. పగలంతా పని, సాయంత్రం ప్రాక్టీసు. ఫైనల్ రోజున 82 వేల మంది వచ్చి చూస్తారు, ఆ తర్వాత మళ్ళీ ఎవరి పని వాళ్ళది. ఆ మైదానంలో ఒక స్టాండుకి మైకేల్ హోగన్ పేరుంది. 1920 నవంబర్ 21న బ్రిటిష్ బలగాలు అక్కడ ఆట మధ్యలో కాల్పులు జరిపితే 14 మంది చనిపోయారు. వాళ్ళలో టిప్పరరీ జట్టు ఆటగాడు హోగన్ ఒకడు. కౌంటీ జెర్సీ అంటే అక్కడ ఎందుకంత పట్టింపో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

ఒక కుర్రాడు ఆటగాడవడానికి పెట్టుబడి ఎవరు పెట్టారు? ఆరేళ్ళప్పట్నుంచీ ఆట నేర్పింది పక్కవీధి పెద్దమనిషి, ఊరికే. వర్షంలో కారెక్కించుకుని మ్యాచ్‌కి తీసుకెళ్ళింది ఇంకెవరి తండ్రో. జెర్సీలు ఉతికినవాళ్ళు, గ్రౌండులో గీతలు గీసినవాళ్ళు, టీ కాచినవాళ్ళు, ఎవరూ బిల్లు వేయలేదు. జీతాల్లేని ఆట కాబట్టి కాంట్రాక్టూ లేదు. కాంట్రాక్టు లేదు కాబట్టి ఆస్ట్రేలియా క్లబ్బు ఆ కుర్రాణ్ణి కొనుక్కోనక్కర్లేదు, వచ్చి తీసుకెళ్ళడమే. పన్నెండేళ్ళు ఊరు పెంచిన చెట్టుకి కాపు మొదలయ్యే ఏడాది వేరేవాళ్ళ పెరట్లోకి వెళ్ళిపోతుంది. అలా వెళ్ళినవాడు ఒకరోజు తిరిగొస్తే, బాకీ తీర్చడానికొచ్చాడని అందరూ అనుకోవడం సహజం.

ఈ బాకీ మాట మనకీ బాగా అలవాటైందే. పుట్టిన ఊరి రుణం తీర్చుకోవాలంటాం. విదేశాల్లో మన తెలుగు సభలు ఏవి చూసినా వేదిక మీద ఈ మాట వినపడుతుంది. ఊళ్ళో బడికి గది, గుడికి ప్రహరీ, గోడ మీద దాత పేరు. చేసే మేలుని తక్కువ చేయడం లేదు. ఆ గదిలో పిల్లలు నిజంగానే చదువుకుంటారు. నా అనుమానమల్లా ఆ "రుణం" అన్న మాట మీద. బిల్లు వేయకుండా ఇచ్చినదానికి బాకీ ఎలా ఏర్పడుతుంది? ఇచ్చినవాళ్ళు తర్వాత లెక్క చెబితే అది ముందే అప్పన్నమాట, మనకు చెప్పలేదంతే. లెక్క చెప్పకపోతే మనం తీర్చేది ఎంత, ఎవరికి? ఇంకొకటి. అప్పు అన్నది తీరితే మనిషి స్వేచ్ఛగా వెళ్ళిపోవచ్చు, మళ్ళీ ఆ గడప తొక్కనక్కర్లేదు. ఊరి రుణం తీర్చుకుంటానన్నవాడెవడూ అలా సంబంధం తెంపుకోవడానికి రాడు కదా.

టైగ్ కెనెలీ సంగతి చూడండి. కెర్రీ కౌంటీలోని లిస్టొవెల్ వాడు. తండ్రి టిమ్ కెర్రీకి ఐదు ఆల్ ఐర్లండ్ మెడల్స్ గెలిచిన ఆటగాడు, 1979లో కెప్టెన్. అన్న నోయెల్‌కీ 2000లో మెడల్ వచ్చింది. టైగ్ మాత్రం 1999లోనే సిడ్నీ స్వాన్స్‌కి వెళ్ళిపోయాడు. 2005లో సిడ్నీ 72 ఏళ్ళ తర్వాత ఛాంపియన్ అయినప్పుడు మెడల్ అందుకోవడానికి వేదికెక్కి అక్కడే ఐరిష్ చిందేశాడు. ఆ డిసెంబర్‌లో తండ్రి 51 ఏళ్ళకే పోయాడు. 2009లో టైగ్ కెర్రీకి తిరిగొచ్చి, ఒక్క సీజన్ ఆడి, సెప్టెంబర్‌లో కార్క్ మీద ఫైనల్ గెలిచి, మరుసటేడు మళ్ళీ సిడ్నీకి వెళ్ళిపోయాడు.

దీన్ని బాకీ తీర్చడమనే అంటారు. కానీ నిదానంగా చూస్తే ఇక్కడ ఎవరు ఎవరికి ఇచ్చారు? జీతం వదులుకున్నాడు, నిజమే. కెర్రీకి అప్పటికే లెక్కలేనన్ని కప్పులున్నాయి. తండ్రికీ అన్నకీ ఉండి తనకి లేని మెడల్ అతనిది. దాన్ని ఇవ్వగలిగింది కెర్రీ ఒక్కటే. చిన్నప్పుడు ఆట ఇచ్చిన ఊరే పెద్దయ్యాక చోటు కూడా ఇచ్చింది. అందుకే నాకేమనిపిస్తుందంటే, తిరిగి రావడం పాత అప్పు తీర్చడం కన్నా కొత్త అప్పు అడగడానికే దగ్గరగా ఉంటుంది.

ఇక క్లార్క్. బెర్నార్డ్ విలియమ్స్ అనే ఇంగ్లిష్ తత్వవేత్త 1976లో, మన నిర్ణయం ఒప్పో తప్పో కొన్నిసార్లు అదృష్టం చేతిలో ఉంటుందని ఒక వ్యాసంలో వాదించాడు. అతను తీసుకున్న ఉదాహరణ పెళ్ళాం పిల్లల్ని వదిలి తాహితి వెళ్ళిన చిత్రకారుడు గొగాఁ. గొప్ప బొమ్మలు వేయగలిగితే ఆ వెళ్ళడానికి ఏదో ఒక సమర్థన ఉంటుంది. వేయలేకపోతే అతనికి చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. వెళ్ళేనాటికి ఆ సంగతి అతనికే తెలీదు.

కెనెలీ, క్లార్క్ ఒక్క ఏడాది తేడాతో ఒకే నిర్ణయం తీసుకున్నారు. ఇద్దరికీ ఫైనల్లో ఎదురైంది కార్కే. ఒకరు గెలిచారు, ఒకరు పాయింటు తేడాతో ఓడారు. విలియమ్స్ లెక్కన చూస్తే కెనెలీ రాక ఒప్పు, క్లార్క్ రాక తప్పు అనాల్సొస్తుంది. ఇంకో రెండు బంతులు బార్ మీదుగా వెళ్ళుంటే క్లార్క్ చేసింది కూడా ఒప్పయ్యేది. ఇది నాకు మింగుడు పడదు. గొగాఁకి బొమ్మలు రాకపోతే అతను వెళ్ళిన పనే జరగనట్టు. కౌంటీకి ఆడటానికి వచ్చినవాడి పని మాత్రం మొదటి మ్యాచ్‌లో జెర్సీ తొడుక్కున్నప్పుడే జరిగిపోయింది. ఆ తర్వాత ఓటమి బాధ పెడుతుంది, అక్కడ కాలింగ్‌వుడ్ గెలిచిందన్న కబురు ఇంకా బాధ పెడుతుంది. బాధ పడటం వేరు, పొరపాటు చేయడం వేరు. క్లార్క్ మనసులో ఏముందో నేను చెప్పలేను. 2012లో అతను మళ్ళీ కాలింగ్‌వుడ్‌కి వెళ్ళాడు, ఆ తర్వాత అడిసన్స్ అనే జబ్బు బయటపడి ఇంటికొచ్చేశాడు. రావడం, పోవడం, మళ్ళీ రావడం. ఇందులో ఏ ప్రయాణాన్నీ ప్రతిజ్ఞ అనలేం.

రాని మనిషి సంగతేమిటి? జిమ్ స్టైన్స్ డబ్లిన్ వాడు. పేపర్లో ప్రకటన చూసి 1984లో, 18 ఏళ్ళప్పుడు మెల్‌బోర్న్ వెళ్ళాడు. 1987లో సెమీఫైనల్ లాంటి మ్యాచ్ చివరి క్షణాల్లో ఒక రూల్ తప్పి ప్రత్యర్థికి 15 మీటర్లు దగ్గర చేశాడు. సైరన్ మోగాక వాళ్ళు గోల్ కొట్టారు, మెల్‌బోర్న్ ఓడింది. అలాంటి రోజున ఎవరికైనా ఇంటికి పోవాలనిపిస్తుంది. అతను ఉండిపోయాడు. 1991లో లీగ్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్ గెలిచాడు, వరసగా 244 మ్యాచ్‌లు ఆడాడు, 1994లో కుర్రకారు కోసం రీచ్ అనే సంస్థని ఇంకొకరితో కలిసి మొదలుపెట్టాడు. 2012లో 45 ఏళ్ళకే పోతే మెల్‌బోర్న్‌లో ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు. ఇతను డబ్లిన్‌కి బాకీ పడ్డాడంటారా? డబ్లిన్‌లో ఎవరో బిల్లు లేకుండా నేర్పినది అతను మెల్‌బోర్న్ పిల్లలకి బిల్లు లేకుండానే ఇచ్చాడు. బహుమతికి అంతకన్నా ఏం చేయాలి?

తిరిగొచ్చినవాళ్ళ కథల్లో కనపడని మనిషి ఒకడుంటాడు. జట్టులో చోట్లు పదిహేనే. ఆస్ట్రేలియా నుంచి ఒకడొచ్చి జెర్సీ తొడుక్కుంటే ఇంకొకడు బెంచి మీదకి జరగాలి. అతను చలికాలం సాయంత్రాలన్నీ బురదలో ప్రాక్టీసు చేసినవాడు, ఊరు వదలనివాడు. ఆటపరంగా చూస్తే ఇందులో అన్యాయం లేదు, బాగా ఆడేవాడే ఆడాలి. అయినా ఆ రోజు పేపర్లో ఫొటో వచ్చినవాడిదే పడుతుంది. బైబిల్లో తప్పిపోయిన కుమారుడి కథలో తండ్రి విందు చేస్తుంటే పెద్దకొడుకు లోపలికి రాకుండా బయటే నిలబడతాడు. చిన్నప్పుడు ఆ కథ విన్నప్పుడు అతను నాకు కుళ్ళుబోతులా కనిపించాడు. ఇప్పుడలా కనిపించడం లేదు.

టైరోన్ కౌంటీ కుర్రాడు కానర్ మెకెనా 2020లో ఎసెండన్ క్లబ్ వదిలి వచ్చేశాడు. ఇంటి బెంగ గురించి దాచుకోకుండా మాట్లాడినవాడు. 2021లో టైరోన్‌తో ఆల్ ఐర్లండ్ గెలిచి, మళ్ళీ ఆస్ట్రేలియా వెళ్ళి, 2024లో బ్రిస్బేన్‌తో అక్కడా ఛాంపియన్ అయ్యాడు. కెనెలీ తర్వాత రెండూ గెలిచింది ఇతనే. నాకు నచ్చింది ఆ బెంగ అన్న మాట. బాకీ అంటే మనం ఇచ్చేవాళ్ళమవుతాం, పై మెట్టు మీద నిలబడతాం. బెంగ అంటే మనకే ఏదో కావాలి, దానికోసం వచ్చాం. బెంచి మీదకి జరిగినవాడి మొహం చూసి మాట్లాడాలంటే ఆ రెండో మాటే నయం.

నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చూసుకుని తిరిగొచ్చేటప్పుడు అందరితో "అమ్మానాన్నల కోసం" అనే చెప్పాను. మెల్‌బోర్న్‌లో ఫేర్‌వెల్ పార్టీలో కూడా అదే చెప్పాను, ఐరిష్ కొలీగ్ నవ్వాడు. విజయవాడలో మా ఇంటికి వెళ్ళిన మొదటి వారం చుట్టాలంతా వచ్చి "కొడుకొచ్చేశాడు, ఇంక మీకేం బెంగ లేదు" అన్నారు. అక్క అదే ఊళ్ళో ఉంటుంది. నేను లేని తొమ్మిదేళ్ళూ రోజూ పొద్దున వచ్చి నాన్నకి షుగరు చూసి, టాబ్లెట్లు ఇచ్చి ఆఫీసుకెళ్ళింది. చుట్టాలు ఆ మాట అంటున్నప్పుడు తను వంటింట్లో కాఫీలు కలుపుతోంది.

ఆ రాత్రి నాన్నకి టాబ్లెట్లు నేనిస్తానన్నాను. డబ్బా ఎక్కడుందో తెలీలేదు. అక్కకి ఫోన్ చేశాను. ఫ్రిజ్ పైన నీలం డబ్బా అని చెప్పి, "ముందు ఏదన్నా తినమను, తర్వాత తెల్లది, గంటాగి పసుప్పచ్చది" అంది. నేను కాగితం తీసుకుని రాసుకున్నాను.