ఆలస్యము దోషము కాదా?

తెలియక చేసిన పనికి దోషము లేదని పెద్దలందురు. ఈ మాట నాకు చిరకాలము ఊరట నిచ్చెను. ఇప్పుడు ఇచ్చుట లేదు.

2009వ సంవత్సరము మాఘమాసమున ఒకనాటి వేకువన, మైలవరములో మా అన్నగారు పూజకు కూర్చుండిరి. ఎడమ అరచేతిలోని ఇష్టలింగము జారి ఒడిలో పడెను. వదినగారు పోయి చూడగా వారి నోరు ఒక ప్రక్కకు వంగియుండెను. మాట ముద్దగా వచ్చుచుండెను. "గాలి సోకింది" అని ఒకరు, "మంచులో పడుకున్నందుకు" అని మరియొకరు అనిరి. చేతికి నూనె మర్దించితిమి. బలవంతముగా కాఫీ త్రాగించితిమి. పావురపు రక్తము పూయవలెనని ఒకడు పావురమును వెదకబోయెను. 108 వాహనములు మన రాష్ట్రమున 2005 నుండియే తిరుగుచున్నను, "కాస్త ఎండ ఎక్కనీ, చూద్దాం" అని పలికినవాడను నేనే. ప్రొద్దుటూరు చేరునప్పటికి మధ్యాహ్నము దాటెను.

పక్షవాతము పేరులో వాతమున్నను అది మెదడునకు వచ్చు ఆపద. మన జలాశయపు కాలువను తలచుకొన్న సులభముగా బోధపడును. పూడిక అడ్డుపడి నీరు ఆగుట ఒక విధము. గట్టు తెగుట రెండవ విధము. మొదటిదే అధికము. నీరాగిన వెంటనే ఒక మడి ఎండిపోవును. చుట్టునున్న మళ్ళు వాడియు ప్రాణముతో కాచుకొనియుండును. ఆ కాచుకొను వేళయే చికిత్సకు వేళ. పెద్ద నాళము మూసుకొన్నచో నిమిషమునకు సుమారు 19 లక్షల నాడీకణములు నశించునని వైద్యులు లెక్కగట్టిరి. రక్తపు గడ్డను కరగించు మందును సాధారణముగా 4½ గంటలలోపల ఇయ్యవలెను. గట్టు తెగినవానికి అదే మందు ప్రాణాంతకము. కనుక ముందుగా తలకు స్కానింగు తీయక తప్పదు. ఆస్ప్రిన్ మాత్రనైనను ఇంటివద్ద వేయరాదు. మ్రింగలేనివాని నోట పోసిన కాఫీ ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. మేమెంత సాహసించితిమో!

నవ్వుమన్న మూతి వంగినను, చేతులెత్తుమన్న ఒకటి వాలినను, మాట తడబడినను తత్‌క్షణమే 108ను పిలిచి, స్కానింగు గల పెద్ద ఆసుపత్రికి పోవలెను. ఎంతవరకు బాగుండెనని వైద్యుడు అడుగును. గడియారము చూచి చెప్పవలెను. నిమిషములలో తగ్గిపోయినను పోవలసినదే.

కర్మఫలమని చేతులు ముడుచుకొనువారు కలరు. వారే కాలువ పూడిన పార పట్టుకొని పరుగెత్తుదురు. దేహమే దేవాలయమని నమ్మిన మనకు ఆ గోడ బీటలు కనబడవా? అన్నగారికి రక్తపోటు కలదని ముందే తెలియును. ఒంట్లో బాగున్నదని మాత్రలు మానిరి. ఊరగాయ మానలేదు, బీడీ మానలేదు.

సకాలమున పోయినను వారి చేయి తప్పక బాగుపడెడిదని చెప్పజాలను. కాని ఆ అవకాశమును త్రోసివేయుటకు నేనెవడను?

అది తెలియక జరిగినదే యనుకొందము. తరువాత వైద్యులు అంతయు విప్పి చెప్పిరి. అన్నను నేనే చెరిచితినని నలుగురందురేమోనని ఐదేండ్లు నోరు విప్పనైతిని. పిల్లలకు సంధులు, సమాసములు చెప్పితిని. ఈ మూడు గురుతులు చెప్పలేదు. ఆ నడుమ మా వీధిలోనే మరియొకరిని, నూనె మర్దించుచు, మధ్యాహ్నమువరకు ఇంటనే ఉంచిరి. ఇది తెలియక జరిగినది కాదు.

అన్నగారు ఆరేండ్లు జీవించిరి. ప్రతి ఉదయము వదినగారు తన అరచేతిని వారి ఎడమచేతి క్రింద పట్టియుంచగా పూజ సాగెడిది. నేను గుమ్మమువద్ద నిలిచి చూచెడివాడను.