మూడు కబ్జాలు

"సారూ, మూడు కబ్జాలు పట్కరాండ్రి. నాలుగించులవి. మంచిగ గట్టియి చూస్కోండ్రి."

వడ్ల మేస్త్రీ ఫోనులో చెప్పిన మాట ఇది. నాకు చెవి కొంచెం మందం కనక స్పీకరు పెట్టుకుని వింటాను. అప్పుడు మేడ్చల్ బస్సులో ఉన్నాను. పక్కసీటు పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూసి తన సంచీ ఒళ్ళోకి లాక్కున్నాడు. ఆయన తప్పేమీ లేదు. మేడ్చల్, షామీర్‌పేట వైపు కబ్జా అంటే చెరువు శిఖమో, సర్కారు జాగానో, పక్కవాడి ప్లాటో మింగెయ్యడమే. ఒకేసారి మూడు కబ్జాలు, అందులోనూ గట్టివి, తెమ్మనిపించుకునేవాడు ఎంత ఘనుడై ఉండాలి!

మేస్త్రీ అడిగింది తలుపు బందులు. కోస్తావాళ్ళు మడత బందులంటారు. హైదరాబాదు చుట్టుపక్కల వడ్లవాళ్ళు ఉర్దూ మాటే వాడతారు. అరబ్బీ నుంచి వచ్చిన ఆ మాటకి అసలు అర్థం పట్టు, పిడికిలి. కత్తి పిడినీ ఉర్దూలో కబ్జా అనే అంటారు. మలబద్ధకం కబ్జ్, అదీ ఆ వంశంలోదే. పట్టుకుని వదలనిదల్లా ఆ ఇంటిపేరు పెట్టుకున్నట్టుంది. మనవాళ్ళు మాత్రం ఆ వస్తువునే కీలు అన్నారు. కీలమంటే సీల, మేకు. వాళ్ళ కంటికి పట్టు ఆనింది, మన కంటికి మధ్యనున్న సీల ఆనింది. బందుకి రెండు రెక్కలు కదా, ఒకటి ద్వారబంధానిది, ఒకటి తలుపుది. సీల ఏ ఒక్కదానిదీ కాదు.

అసలు కథలోకి వస్తాను. మా వంటింటికి సందువైపు ఒక తలుపుంది. ఆరడుగుల సందు. ఇల్లు కట్టేటప్పుడు "తలుపు లోపల్కి తెర్వాల్నా, బయట్కా?" అని అడిగాడు ఇదే మేస్త్రీ. "బయటికే. లోపల ఫ్రిజ్ పెట్టాలిగా" అన్నాను. ఆలోచించడానికి క్షణం కూడా పట్టలేదు.

బయటికి తెరిచే తలుపుకి బందుల కణుపులు బయటే ఉంటాయి, సీలలూ బయటే. దొంగ ఒక మేకూ సుత్తీ తెచ్చుకుంటే తాళం జోలికి పోకుండానే సీలలు లేపి తలుపు పక్కన పెట్టెయ్యగలడు. ఈ సంగతి మేస్త్రీయే చెబితే, సీలల కొనలు సుత్తితో గట్టిగా చితకగొట్టించాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఎన్నడూ రాని దొంగ గురించి అంత ఆలోచించిన నేను, రోజూ సందులో నడిచే వాళ్ళని గురించి ఒక్కసారీ ఆలోచించలేదు.

కిందటి ఆషాఢంలో మా ఆవిడ చెత్తబుట్టతో తలుపు తోసింది. అదే క్షణంలో పక్కింటి కుర్రాడు సైకిలు మీద వచ్చాడు. కనుబొమ పగిలి మూడు కుట్లు పడ్డాయి. వాళ్ళమ్మ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "మావోడే చూస్కోలేదన్నా" అంది. డాక్టరు ఫీజు ఇచ్చేసి బాకీ తీరిందనుకున్నాను గాని, నిద్ర పట్టలేదు.

మనసులో వకీలు లేచాడు. తలుపు తెరిచి ఉండేది రోజు మొత్తం మీద పదిహేను నిమిషాలు. మిగతా సమయమంతా సందు సందులాగే ఉంది. గోడ జరపలేదు, మెట్టు కట్టలేదు. ఇది ఆక్రమణ ఎలా అవుతుంది?

2024 జూలైలో హైడ్రా ఏర్పడ్డాక పేపర్లో రోజూ చెరువుల సంగతే. ఎఫ్‌టీఎల్ అనే మాట ఇంటింటా నలిగింది. పూర్తి నీటిమట్టమన్నమాట. ఈ రోజు నీళ్ళు ఎక్కడున్నాయని కాదు, నిండితే ఎంతవరకు వస్తాయో అంతవరకూ చెరువే. శిఖంలో గోడ కట్టేవాడి వాదన ఏమిటి? "ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండే ఉంటుంది కదా!" పేపరు మడిచి మా వకీలుని చూశాను. వాడు మాట్లాడలేదు. తలుపుకీ ఒక పూర్తిమట్టం ఉంటుంది. అది ఎంతవరకు తిరుగుతుందో అంతవరకూ, మూసి ఉన్నప్పుడు కూడా, సందు నాదే అన్నట్టు.

ఒక మిత్రుడు అడ్డం వచ్చాడు. "బయటికి తెరిచే తలుపే మంచిదోయ్. 1903లో చికాగోలో ఇరొక్వా థియేటరు తగలబడి 600 మందికి పైగా పోయారు. కొన్ని తలుపులకి తాళాలు, కొన్ని లోపలికి తెరుచుకునేవి. జనం ఒత్తిడికి తెరుచుకోలేదు" అన్నాడు. నిజమే. అక్కడ తలుపు బయటికి తెరవాల్సింది లోపలి జనం కోసం. మా తలుపు బయటికి తెరిచింది ఫ్రిజ్ కోసం.

అదీ, బస్సులో మూడు కబ్జాల వెనక కథ. ఇత్తడివి అందంగానే ఉన్నాయి గాని మెత్తన, ఖరీదూ ఎక్కువ. వంటింటి నీళ్ళకి మామూలు ఇనుము తుప్పు పడుతుంది. స్టీలువే తెచ్చాను.

మేస్త్రీ ముందు తలుపు కింద చెక్క సందించి బరువు దానిమీదికి తెచ్చాడు. తరవాత అడుగు సీల, మధ్యది, ఆఖర్న పైది. "పైది ముందు గుంజితె తల్పు మీదికొస్తది సారూ" అన్నాడు. తలుపు బరువుకి పై బందు ఊడిపోయేటట్టు లాగబడుతుంది, కింది బందు ద్వారబంధానికి అదమబడుతుంది. అందుకే పై స్క్రూలు ముందు వదులవుతాయి. చితకగొట్టించిన కొనల్ని ఆకురాయితో అరగదియ్యాల్సి వచ్చింది. తుప్పుకి నూనె పోసి రాత్రంతా ఉంచినా మధ్య సీల ఒక పట్టాన రాలేదు. "ఎన్నడన్న నూనె ఏసిండ్రా?" అన్నాడు. వేశాను, కొబ్బరినూనె. అది గడ్డకట్టి దుమ్ము పట్టుకుంటుందట, కుట్టుమిషను నూనె రెండు చుక్కలు చాలట. పాత స్క్రూ బెజ్జాల్లో వెదురు పుల్లలు కొట్టి, పాత గాడి పూడ్చి, లోపలివైపు కొత్త గాడి తీసేసరికి పొద్దు గూకింది.

ఫ్రిజ్ ముందు గదిలోకి వచ్చింది. "వచ్చినవాళ్ళ ఎదురుగా పాలగిన్నె తియ్యాలా అండీ?" అని మా ఆవిడ ఇంకా సణుగుతూనే ఉంది. తలుపు చప్పుడు లేకుండా లోపలికి తెరుచుకుంటోంది. ఆ కుర్రాడు మాత్రం మా తలుపు దగ్గరికి రాగానే ఇప్పటికీ బ్రేకు వేస్తాడు.