పనిలో పొరుగువాడు



విశ్రాంతిదినాన ప్రార్థనామందిరంలో యేసుప్రభువు ఊచచేయి గలవానిని స్వస్థపరచిన సంఘటన మనకు తెలిసిందే (మార్కు 3:1-6). ఊచపోయినది కుడిచేయి అని పునీత లూకాగారు వ్రాశారు (6:6). అంటే పనిచేసే చేయి. అతడు తాపీపనివాడని, సిగ్గువిడిచి బిచ్చమెత్తే గతి పట్టకుండా చేతిని బాగుచేయమని ప్రభువును వేడుకున్నాడని ఒక ప్రాచీన గ్రంథంలో ఉన్నట్లు పునీత జెరోముగారు పేర్కొన్నారు. మన నాలుగు సువిశేషాలలో ఆ మాట లేదు. అయినా అందులోని ఆవేదన ఈనాటికీ మన మధ్య వినిపిస్తూనే ఉంది. వికలాంగుడు మన దగ్గరకు వచ్చి అడిగేది చాలాసార్లు దానం కాదు, పని.

మన దేశంలో 2016 నాటి చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రభుత్వ కొలువులలో కనీసం 4 శాతం వికలాంగులకు కేటాయించాలని, ఉద్యోగంలో ఉండగా వైకల్యం కలిగిందని ప్రభుత్వోద్యోగిని తొలగించరాదని చెప్పింది. మంచిదే. కాని చట్టం కుర్చీని ఇప్పించగలదు గాని, పక్క కుర్చీలో కూర్చున్నవారి మనసును మార్చలేదు.

ఆ పక్క కుర్చీలో ఉన్నది మనమే. కొందరం "కోటాలో వచ్చాడులే" అని గొణుగుతాం. కొందరం తల్లిదండ్రులు పెట్టిన పేరు వదిలేసి, అతని లోపాన్నే పేరుగా పిలుస్తాం. మరికొందరం మంచివాళ్లం. "నువ్వు కూర్చో బాబూ, నీ పని మేం చూసుకుంటాం" అంటాం. నెలలు గడిచినా అతని బల్లమీదికి ఒక్క ఫైలు రాదు. జీతం వస్తుంది, పని మాత్రం ఉండదు. చివరకు మనమే "అతనికేం, ఊరికే కూర్చుంటాడు" అని చెప్పుకుంటాం! దూషణ కంటే ఈ జాలి మెత్తగా ఉంటుంది. కాని మనిషిని అంతకంటే లోతుగా గాయపరుస్తుంది.

పునీత రెండవ జాన్‌పాల్ జగద్గురువులు 1981లో శ్రమను గూర్చి వెలువరించిన విశ్వలేఖలో ఈ సంగతిని ప్రత్యేకంగా ప్రస్తావించారు. సంపూర్ణ ఆరోగ్యవంతులను మాత్రమే పనిలోకి రానివ్వడం బలవంతులు బలహీనులపట్ల చూపే వివక్ష అని బోధించారు. ఎందుకంటే శ్రమ మనిషికి కూడు పెట్టడమే కాదు, అతనిని మనిషిగా నిలబెడుతుంది.

తిరుసభ చరిత్రలో దీనికి చక్కని సాక్ష్యం ఉంది. నేటి జర్మనీలోని రైకెనౌ మఠంలో ధన్యజీవి హెర్మన్ (1013-1054) అనే సన్యాసి ఉండేవారు. ఒకరి సాయం లేనిదే కదలలేరు. మాట కూడా స్పష్టంగా వచ్చేది కాదు. అయినా ఆయన శిష్యులకు పాఠాలు చెప్పారు, చరిత్ర వ్రాశారు, ఖగోళ, సంగీత శాస్త్రాలపై గ్రంథాలు రచించారు. మఠవాసులు ఆయనకు సాయపడ్డారు గాని, ఆయన పనిని లాక్కోలేదు.

ప్రియ విశ్వాసులారా, ఊచచేయి గలవానిని ప్రభువు స్వస్థపరచకముందే లేచి మధ్యకు రమ్మన్నాడు. స్వస్థపరిచే వరం మనకు లేకపోవచ్చు. మధ్యలో చోటివ్వడం మాత్రం మన చేతిలోనే ఉంది. మీ దుకాణంలో, పాఠశాలలో, కార్యాలయంలో అటువంటి తోటి ఉద్యోగి ఉంటే పేరుపెట్టి పిలవండి. ఏది అనువుగా ఉంటుందో మీరే నిర్ణయించక, ఆయననే అడగండి. వినికిడి లేనివారితో ఎదురుగా నిలబడి మాట్లాడండి. చూపులేనివారికి మీ పేరు చెప్పి పలకరించండి. పని అప్పగించండి. తప్పు జరిగితే అందరికీ చెప్పినట్లే చెప్పండి. అది కూడా గౌరవమే.

బలహీనంగా కనిపించే అవయవాలే శరీరానికి మరింత అవసరమని పునీత పౌలుగారు బోధించారు (1 కొరింతీ 12:22). ఆ శరీరం ఆదివారం గుడిలోనే కాదు, సోమవారం పనిచోట కూడా క్రీస్తు శరీరమే. సర్వేశ్వరుడు మిమ్మునందరిని దీవించునుగాక!