సంయోగం, విభాగం, శాడిల్‌బ్యాగు

మోటార్‌సైకిల్‌కు తగిలించిన శాడిల్‌బ్యాగు బండిలో భాగమా, బండి మీది సామానా? బోల్టులతో శాశ్వతంగా బిగిస్తే భాగమనీ, తాళం తిప్పగానే చేతికొచ్చే క్విక్ డిటాచ్ అమరికతో తగిలిస్తే సామాననీ తోస్తుంది. రెండు వస్తువుల కలయిక ఎలాంటిదన్న ప్రశ్నను న్యాయ వైశేషిక దర్శనాలు సూక్ష్మంగా విచారించాయి. 17వ శతాబ్దపు ఆంధ్ర పండితుడు అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం ఆ విచారణకు నేటికీ ప్రవేశ గ్రంథం.

ఈ శాస్త్రంలో సమవాయం నిత్య సంబంధం. గుడ్డకూ దారాలకూ, ఎరుపుకూ ఎర్రని వస్తువుకూ ఉండేది అదే. ఆ జంటలో ఒకటి నశించేదాకా రెండోదాన్ని ఆశ్రయించే ఉంటుంది. సంయోగం అలా కాదు. అది 24 గుణాల్లో ఒకటి. విడిగా ఉండగలిగిన ద్రవ్యాల మధ్య పుట్టి, విభాగం, అంటే విడిపోవడం, అనే మరో గుణం వల్ల నశిస్తుంది.

బ్యాగుకూ బండికీ ఉన్నది సంయోగమే. అయితే బోల్టు బిగింపూ సంయోగమే. పానా పెడితే అదీ ఊడుతుంది. కాబట్టి ఎంత తేలిగ్గా ఊడుతుందన్నది భాగాన్నీ సామానునూ వేరు చేయదు. చక్రం, ఇంజను, ఫ్రేము కలిసినప్పుడు ఆ సంయోగం బండి అనే కొత్త అవయవిని, అంటే భాగాలతో ఏర్పడిన మొత్తం వస్తువును, పుట్టిస్తుంది. దీన్ని ఆరంభక సంయోగం అంటారు. చక్రం తీసేస్తే ఆ అవయవి నిలవదు. బ్యాగు సంయోగం కొత్త ద్రవ్యాన్నేమీ పుట్టించదు. అమరికను ఎంచుకునేటప్పుడు మొదటి పరీక్ష ఇక్కడే ఉంది: బ్యాగు తీశాక బండి వెలితి లేకుండా ఉండాలి. ఇండికేటర్లను కదిలించాల్సి వచ్చినా, సీటు సరిగా కూర్చోకపోయినా ఆ అమరిక బండి నిర్మాణంలోనే వేలుపెట్టినట్టు.

వైశేషికులు సంయోగాన్ని మూడు విధాలుగా చెప్పారు: ఒకదాని కదలిక వల్ల పుట్టేది, రెండింటి కదలిక వల్ల పుట్టేది, మరో సంయోగం వల్ల పుట్టేది. చెయ్యి చెట్టును తాకితే శరీరం చెట్టును తాకినట్టవడం మూడో రకం. బ్యాగు నేరుగా తాకేది బ్రాకెట్‌ను. బండితో దాని సంయోగం బ్రాకెట్ ద్వారానే. అందువల్ల బరువు మోసే బ్రాకెట్ ప్లాస్టిక్ మడ్‌గార్డుకు కాక ఫ్రేముకు, లేదా దానికి బిగించిన గట్టి ఇనుప పట్టీకి ఆనాలి.

విడిపోవడానికీ ఒక క్రమం ఉంది. కదలిక విభాగాన్ని పుట్టిస్తుంది, విభాగం సంయోగాన్ని నశింపజేస్తుంది. నడిచే బండిలో కదలికకు కొదవ లేదు: ఇంజను అదురు, రోడ్డు గతుకు, మలుపులో వాలు. రబ్బరు బుష్షులు ఆ అదురును కొంత మింగుతాయి. గొళ్లెం, తాళం మిగిలిన కదలిక విభాగం దాకా పోకుండా ఆపుతాయి. ప్రయత్నం కూడా ఈ శాస్త్రంలో ఒక గుణమే, అది ఆత్మకు చెందింది. తాళం తీసే చేతి కదలికకు వెనుక ప్రయత్నం ఉంది. గతుకు కదలికకు లేదు.

ఈ విభజనను అందరూ ఒప్పుకోలేదు. బౌద్ధ గ్రంథం మిళిందపన్హలో నాగసేనుడనే భిక్షువు రథం ఇరుసూ కాదు, చక్రాలూ కాదు, వాటికి వేరుగానూ లేదని, అది వ్యవహారంలో ఒక పేరు మాత్రమేనని వాదించాడు. ఆ లెక్కన భాగం, సామాను అనే తేడా కూడా వ్యవహారమే. శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యంలో సమవాయాన్నే కాదన్నారు. రెంటిని కలపడానికి మూడోది కావాలంటే దాన్ని కలపడానికి నాలుగోది కావాలి, ఇలా అంతులేకుండా సాగే అనవస్థ తప్పదు. అయినా ఈ రెండు ఖండనలూ వ్యవహారాన్ని తోసిపుచ్చవు. బ్యాగు తగిలించడం, తీయడం జరిగేది ఆ వ్యవహారంలోనే.

కనుక అవయవి నిజంగా ఉందా లేదా అన్నది తేలకపోయినా, ఎంపికకు కావలసిన ప్రమాణం తేలుతుంది. యజమాని ప్రయత్నానికి వెంటనే లొంగి, బండి కదలికకు లొంగని అమరికే మేలైనది.