కొంగ జపం తప్పేమీ కాదు

కార్తీకం వచ్చిందంటే ఇందూరు (నిజామాబాద్) జనానికి మూడు దారులు. స్నానానికి గోదావరి, మంజీర, హరిద్ర కలిసే కందకుర్తి. దర్శనానికి నీలకంఠేశ్వరుడి గుడి. వనభోజనానికి అలీసాగర్. మొదటి రెండు చోట్లకు పోయేటప్పుడు ఏం చేయాలో, ఏం చేయకూడదో ఇంట్లో పెద్దవాళ్ళు పదిసార్లు చెబుతారు. మూడో చోటికి పోయేటప్పుడు ఎవరూ ఏమీ చెప్పరు. పులిహోర గిన్నెలు, థర్మాకోల్ ప్లేట్లు, సౌండ్ బాక్సు బండెక్కుతాయి. నియమం ఒక్కటే ఇంటి దగ్గర దిగిపోతుంది.

నిజానికి మూడింటిలో కష్టమైన వ్రతం ఇదే. గుడిలో చూపును నిలబెట్టడానికి గర్భాలయం ఉంది, దీపం ఉంది, గంట ఉంది. చెరువు గట్టున అవేవీ ఉండవు. మన చూపుకు మనమే కాపలా. అది దేని మీద వాలుతోంది, వాలి ఏం కోరుతోంది అని కనిపెట్టుకుని ఉండడమే అక్కడ చేయగలిగిన పూజ.

నిజామాబాద్ నుంచి బోధన్ పోయే దారిలో, రోడ్డు వదిలి కాస్త లోపలికి పోతే గుట్టల నడుమ అలీసాగర్. నిజాం కాలపు జలాశయం. మంజీర మీద అచ్చంపేట దగ్గర 1923లో మొదలుపెట్టి 1931లో ముగించిన నిజాంసాగర్ నీళ్ళు కాలువలో వచ్చి ఇక్కడ ఆగి, మళ్ళీ ముందుకు పోతాయి. ఆ పెద్ద పనికి రూపమిచ్చిన ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. కాలువ పారింది, బోధన్ చుట్టూ చెరకు పెరిగింది, చెరకును చూసి 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఆసియాలోనే పెద్దదని ఊరంతా చెప్పుకొన్న ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్లో మూతపడింది. మనుషులు లెక్కలు వేసుకుని తెచ్చుకున్న నీళ్ళివి. ఆ లెక్కల్లో లేని కొంగలు, నీటికాకులు, బుడుబుంగలు మాత్రం ఫ్యాక్టరీ సైరన్ మోగినన్నాళ్ళూ వచ్చాయి, మోగడం ఆగాకా వస్తున్నాయి. ఫలాపేక్ష లేని కర్మ గురించి ఉపన్యాసాలు చాలా విన్నాం. ఆశించిన ఫలం ఒకటై, అడగకుండా అందింది మరొకటైన చోటు మన ఇంటి పక్కనే ఉంది.

గట్టున పొద్దున్నే కాసేపు కూర్చుంటే మొదట కనబడేది కొంగ. బూడిదరంగు పెద్దదాన్ని నారాయణ పక్షి అంటారు. లోతు తక్కువ నీళ్ళలో నిలబడితే చాలాసేపు కదలదు. పైకి భక్తి, లోపల చేప మీద యావ ఉన్నవాడిని ‘కొంగ జపం చేస్తున్నాడు’ అని వెక్కిరిస్తాం. పాపం కొంగ ఎవరినీ మోసం చేయడం లేదు. తాను మునినని అది చెప్పుకోలేదు. దాని ఆకలి, దాని చూపు, దాని నిలకడ మూడూ ఒక్కటే. జపమాల తిప్పుతూ ఫోన్ చూసుకునే మనకు దాన్ని ఎగతాళి చేసే అర్హత ఎక్కడిది?

భారతం అరణ్యపర్వంలో కౌశికుడి కథ కొంగతోనే మొదలవుతుంది. చెట్టుకింద వేదం వల్లె వేసుకుంటున్నాడు. పైనున్న కొంగ రెట్ట వేసింది. కోపంగా తలెత్తి చూశాడు, అది చచ్చి కింద పడింది. ఆ తర్వాత ఊళ్ళోకి భిక్షకు పోతే ఒక ఇల్లాలు భర్తకు అన్నం పెట్టి వస్తానని కాసేపు ఆగమంది. అక్కడా కళ్ళెర్రజేశాడు. నీ చూపుకు మాడిపోవడానికి నేను కొంగను కాను అని ఆమె నవ్వి, ధర్మం తెలుసుకోవాలంటే మిథిలలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడి దగ్గరికి పొమ్మంది. అంత చదువూ చూపును అదుపులో పెట్టలేకపోయింది. పక్షులు చూడబోయిన ఎవరి చొక్కా మీదైనా ఏదో ఒకరోజు రెట్ట పడుతుంది. ఆ క్షణాన కౌశికుడు గుర్తొస్తే సగం తపస్సు పండినట్టే.

అలీసాగర్ అనగానే పిల్లలు అడిగేది జింకల పార్కు. కంచె దగ్గర నిలబడి జింక కళ్ళలోకి చూసినవాళ్ళకు భాగవతం పంచమ స్కంధం చెప్పే భరతుడి కథ చప్పున అర్థమవుతుంది. రాజ్యం వదిలేసి గండకీ తీరాన తపస్సుకు కూర్చున్న మహారాజు. సింహం గర్జన విని చూలాలైన లేడి ఏరు దూకింది. కూన నీళ్ళలో పడింది, తల్లి ప్రాణం పోయింది. భరతుడు కూనను ఒడ్డుకు చేర్చాడు. అంతవరకు దయ. ఆ దయ ఎప్పుడు మమకారమైందో ఆయనకే తెలియలేదు. గడ్డి మేసిందా, తోడేలు పట్టిందా, ఇంకా రాలేదేమని పూజ మధ్యలో లేచి చూడడం. చివరి శ్వాసలోనూ ఆ జింకనే చూస్తూ పోయాడు. కాలంజరంలో జింకై పుట్టాడు.

ఈ భరతుడి తండ్రి ఋషభుడు. జైనుల ఆదినాథుడి పేరూ అదే. జైన పురాణాలలో ఆ ఋషభుడికి భరతుడు, బాహుబలి కొడుకులు. బాహుబలి ఏలిన పోదనపురం మన బోధనేనని చాలామంది పండితుల మాట. చెరకు బండ్లు తిరిగిన ఈ నేల మీద ఆ కథను నిలబెట్టి చూడాలనిపిస్తుంది నాకు. సైన్యాలను చంపుకోవడమెందుకని అన్నదమ్ములిద్దరే తలపడ్డారు. మొదటిది దృష్టి యుద్ధం, ఎవరు ముందు రెప్ప వాలిస్తే వాళ్ళు ఓడినట్టు. రెండోది జలయుద్ధం. మూడోది మల్లయుద్ధం. మూడింటా తమ్ముడే గెలిచాడు. గెలిచిన క్షణానే విసుగు పుట్టి అన్నీ వదిలి నిలబడిపోయాడు. ఏడాదిపాటు కదలకుండా నిలబడితే కాళ్ళ చుట్టూ పుట్టలు లేచాయి, చేతులకు తీగలు అల్లుకున్నాయి. అయినా జ్ఞానం కలగలేదట. తాను నిలుచున్న జానెడు నేల అన్నగారిదే కదా అనే నలుసు ఒకటి లోపల మిగిలిందని ఒక కథనం. భరతుడే వచ్చి మొక్కాక అది కరిగింది.

జింకను పెంచిన భరతుడిని, బాహుబలిని పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరు జింకను తనదనుకున్నారు. మరొకరి ఒంటి మీదికి పాములూ తీగలూ వాటంతట అవే వచ్చాయి. చెరువు దగ్గర మనం చేసేది ఎక్కువగా మొదటి రకమే. కంచెలోంచి బిస్కెట్లు విసరడం, సెల్ఫీలోకి నెమలిని లాగడం, కొంగ ఎగిరితేనే ఫొటో బాగుంటుందని రాయి వేయడం. ప్రేమేనంటాం. తినకూడనిది తిన్న జింకకు ఆ ప్రేమ కడుపునొప్పి. నందిపేట వైపు శ్రీరాంసాగర్ నీళ్ళు వెనక్కి తగ్గి పచ్చిక మొలిచినప్పుడు కృష్ణజింకల గుంపులు కనిపిస్తాయి. అక్కడ కంచె లేదు. మనం ఒక అడుగు ముందుకు వేస్తే అవి పది గంతులు వెనక్కి వేస్తాయి. ఎంత దూరంలో ఆగాలో జింకే చెబుతుంది, మనం వింటే.

ఇంకాస్త సమయం ఉన్నవాళ్ళు ఎల్లారెడ్డి దాటి పోచారం పోవచ్చు. 1922లో పూర్తయిన ఆ చెరువు పక్క అడవి ఒకప్పుడు నిజాం వేటాడిన చోటు. 1952లో అభయారణ్యమైంది. సుమారు 130 చదరపు కిలోమీటర్లు. తుపాకీ గురి చూసిన అడవిలోనే ఇప్పుడు దుర్భిణి పెట్టుకుని నడుస్తున్నాం. చలికాలంలో ఇక్కడికి తలపై నల్ల చారలున్న బాతులు వస్తాయి. మానస సరోవరం ఉన్న టిబెట్ పీఠభూమిలో, మంగోలియాలో పిల్లలు చేసి, హిమాలయాలను దాటుకుని దిగుతాయి. కావ్యాల్లోని హంస ఇదేనని తేల్చి చెప్పలేం కానీ, మానస సరోవరం వైపు నుంచి దక్కనుకు నిజంగా ఎగిరొచ్చే పక్షి ఇది. ఏటా కార్తీకానికి కాస్త అటూ ఇటూగా అవి బయలుదేరుతాయి, మనమూ వనభోజనాలకు బయలుదేరుతాం.

భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత చెప్పిన ఇరవై నలుగురు గురువుల్లో చేప, జింక, తుమ్మెద, కొండచిలువ ఉన్నాయి. కురరమనే పక్షి కూడా ఉంది. నోట మాంసం ముక్క ఉన్నంతసేపూ మిగతా పక్షులు తరిమి పొడిచాయి, వదిలేశాక హాయిగా ఎగిరింది. పెద్ద జలాశయాల మీద చేప పట్టిన గద్దను మరో గద్ద తరమడం ఓపిక ఉన్నవాళ్ళకు ఇప్పటికీ కనబడుతుంది. ఏకాదశ స్కంధానికి వ్యాఖ్యానం వినడానికి టికెట్ కొని ఏసీ హాలుకు పోనక్కర్లేదు.

ఈ కార్తీకంలో చెరువు గట్టుకు వెళ్ళేవాళ్ళకు ఒక మనవి. తెల్లవారుతూనే చేరుకోండి, ఎండ ముదిరితే పక్షులు కనబడవు. సౌండ్ బాక్సు ఇంట్లో వదిలి, మోదుగాకు విస్తర్లు పట్టుకెళ్ళండి. భోజనానికి ముందు పిల్లలతో కలిసి ఒక అరగంట మాట్లాడకుండా కూర్చోండి. జింకలకు ఏమీ పెట్టకండి. వచ్చేటప్పుడు మీ చెత్తతో పాటు పక్కవాళ్ళు వదిలినదీ ఒక సంచిలో వేసుకుని రండి.